ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి

సిస్టర్ గారూ, మీ పేరు మాకు తెలియదు. నాన్నకు గుండెల్లో పట్టేస్తుంటే గ్యాస్ అనుకుని సోడా తాగించి పాడేరు ఆసుపత్రికి తీసుకొచ్చాం. మీరు చీటీ, ఆధార్ అని ఆపకుండా ముందు ఈసీజీ తీశారు. సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి పరిగెత్తి (ఏజెన్సీలో అదొక తంతు!) గుండె డాక్టరుకు పంపారు. ఆయన చెప్పగానే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్ ఇచ్చారు. రక్తనాళంలో గడ్డను కరిగించే మందట. బయట కొంటే వేలల్లో ఉంటుంది, గుండెపోటు వచ్చినవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన స్టెమీ పథకం కింద మాకు ఉచితంగా అందింది. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అందులోనూ ఘాట్ రోడ్డు. ఆ ఇంజెక్షన్ పడకుండా 108లో ఘాట్ దిగి ఉంటే... తలుచుకుంటేనే టెన్షన్.

నాన్న బాగున్నారు. కాఫీ పళ్ల కోతకు వెళ్తానని అమ్మతో గొడవపడుతున్నారు. ఇంటిల్లిపాదీ మీకు నమస్కారాలు చెబుతున్నాం.