చిన్నీకి, మ్యాథ్స్ క్లాసు గురించి

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కోర్సు కాగితం చదివాను. "సార్ చాలా స్ట్రిక్ట్ నాన్నా" అన్నావు. గడువు దాటితే అసైన్‌మెంట్ తీసుకోరు, కలిసి చర్చించుకున్నా ఎవరిది వాళ్లే రాయాలి, స్టెప్పులు లేని ఆన్సరుకు మార్కుల్లేవు. ఇందులో అన్యాయమేమీ నాకు కనిపించలేదు. ఆ స్టెప్పుల రూలు పెట్టినాయనకైతే దండం పెట్టాలనిపించింది.

ఇంటర్‌లో 2బి (సెకండియర్ లెక్కల పేపరు, ఇంటిగ్రేషన్ ఉండేది) చెప్పేవాణ్ని కదా, పిల్లల అలవాట్లు నాకు తెలుసు. ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ఒక్కోటి సాల్వ్ చేస్తూ కూర్చుంటే కుదరదు. ఇంటిగ్రేషన్ ప్రశ్నైతే నాలుగు ఆప్షన్లనీ డిఫరెన్షియేట్ చేసి, ఏది సరిపోతే అది పెట్టేసి ముందుకెళ్లాలి. ఆ పరీక్షకు అదే పద్ధతి. మీ సార్ క్లాసులో మాత్రం ఆప్షన్లు ఎవరూ ఇవ్వరు.

అలాగని ఆ విద్యను పారేయకు. నీకు వచ్చిన జవాబునే ఒక ఆప్షన్ అనుకుని, లెక్కలో ఇచ్చిన ఈక్వేషన్‌లో పెట్టి చూడు. ఉదాహరణకి, డీవై బై డీఎక్స్ ప్లస్ వై ఈక్వల్ టు ఎక్స్ తీసుకో. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్, అంటే ఇంటిగ్రేట్ చేయడానికి వీలుగా రెండువైపులా గుణించేది, ఈ పవర్ ఎక్స్. చాలామంది ఇంటిగ్రేట్ చేసేటప్పుడు కలపాల్సిన కాన్‌స్టంట్ సీ మర్చిపోతారు. ఈ పవర్ ఎక్స్‌తో భాగహారం అంతా అయ్యాక గుర్తొచ్చి చివర్లో తగిలిస్తారు: వై ఈక్వల్ టు ఎక్స్ మైనస్ 1 ప్లస్ సీ. దీన్ని వెనక్కి పెట్టి చూడు. డెరివేటివ్ 1, దానికి వై కలిపితే ఎక్స్ ప్లస్ సీ వస్తుంది. కుడివైపు ఉన్నది ఎక్స్ ఒక్కటే! ఇంటిగ్రేట్ చేసిన లైన్‌లోనే సీ రాసి ఉంటే, భాగించినప్పుడు అది సీ ఇంటూ ఈ పవర్ మైనస్ ఎక్స్ అయ్యేది, లెక్క అతికినట్టు సరిపోయేది. పరీక్ష హాల్లోంచి బయటికి రాకముందే ఆన్సరు తప్పో ఒప్పో మనకే తెలిసిపోయే సబ్జెక్టులు ఎన్నున్నాయి చెప్పు?

ఫోన్‌లో యాప్ చేత సాల్వ్ చేయించి కాపీ కొడితే అసైన్‌మెంట్ గట్టెక్కుతుందేమో. ఇంటర్నల్స్ 40 మార్కుల్లో అదొక ముక్క. మిగతా 60కి యూనివర్సిటీ పేపరు ముందు కూర్చునేది నువ్వే, యాప్ కాదు.

ఇక అటెండెన్సు. జేఎన్టీయూ వాళ్లు చూసేది అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి బయటపడొచ్చు. సోమవారం మొదటి పీరియడ్ పోతే కొంపేం మునగదన్న నీ లెక్క కరెక్టే. కానీ వారానికి నాలుగు క్లాసుల్లో ఒకటి వదిలేస్తే, మిగతా మూడింటికీ తోక దొరుకుతుంది గానీ తల దొరకదు. ఇంటి నుంచి ఆదివారం సాయంత్రమే బయల్దేరు. సోమవారం పొద్దున ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

సిలబస్‌లో ముందు ఫస్ట్ ఆర్డర్, తర్వాత హయ్యర్ ఆర్డర్, ఆ తర్వాత లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ ఉన్నాయి. లాప్లాస్ దగ్గర పిల్లలు తడబడేది కొత్త విషయంలో కాదు, పాత పార్షియల్ ఫ్రాక్షన్స్‌లో. ఈ వారం అవీ, ఇంటిగ్రేషన్ బై పార్ట్సూ ఒకసారి తిరగెయ్యి. నీ 2బి నోట్సు అటక మీదే ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ట్యూషన్ అన్నావు, అమ్మ కూడా సరేనంది. నేనైతే మొదటి మిడ్ పరీక్ష అయ్యేదాకా వద్దంటాను. డౌట్లకు ఏ టైములో రావాలో సార్ ఆ కాగితంలోనే రాశారు. ముందు అక్కడికి వెళ్లు. వెళ్లి "ఏమీ అర్థం కాలేదు సార్" అనకు, ఆయన మాత్రం ఏం చెప్పగలరు? రఫ్ బుక్కు తీసుకెళ్లి ఏ లైన్ దగ్గర ఆగిపోయావో చూపించు. అప్పటికీ తేలకపోతే ఫీజు నేను కడతాను.

ఆశీస్సులతో,
నాన్న