ఐదో బోరు, జానెడు గుంత

నియామే

రేయ్ సీనా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్ చేద్దామనుకున్నా గానీ, ఫోన్‌లో అయితే నువ్వు నన్ను రెండు మాటలు కూడా పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు. మీ నాయనకు కూడా చదివి వినిపించు, ఆయన తిట్టేవి ఉంటే తర్వాత రాయి.

ఐదో బోరు కూడా దుమ్మే లేపిందన్నావు. పాయింటు చూసినవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను చుట్టూ తిరిగాడని, అది నిక్కి నిలబడిన చోటే వేయించామని అన్నావు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనిక్కడ ఆఫ్రికాలో, నైజర్ దేశంలో ఊరూరా సోలార్ పంపులు బిగించి జీతం తీసుకునేవాణ్ణి. నేను నీకు బోరు వద్దని చెప్పడమంటే, హోటలు పెట్టుకున్నవాడు ఇంట్లో తినండయ్యా అన్నట్టే. అయినా చెప్తున్నా. ఆరో బోరు వేయొద్దు. ఈ ఉత్తరం చదివేదాకా అయినా ఆగు.

కిందటి ఏప్రిల్లో తహువా వైపు ఒక ఊళ్లో పంపు పని పడింది. నియామే నుంచి తెల్లవారుజామున బయలుదేరి, దోసో, బిర్నీ ఎన్‌కొన్ని దాటి ఉత్తరానికి తిరిగితే ఇల్లేలా వస్తుంది. మన అనంతపురం వాన 550 మిల్లీమీటర్లని మనం నెత్తీ నోరూ కొట్టుకుంటాం కదా, అక్కడ 400 పడితే మంచి సంవత్సరం కిందే లెక్క. అదీ జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగతా ఎనిమిది నెలలూ ఆకాశం గాజుపెంకులా ఉంటుంది. నేను వెళ్లిన నాడు కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలింది.

దారి పక్కన ఒక చేను కనిపించింది. చేను అన్నానా, ఎర్రగా గట్టిపడి, పార వేస్తే ఖంగుమనే నేల. దూరం నుంచి చూస్తే అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా నేలంతా గుంతలే గుంతలు. మధ్యలో ఒక ముసలాయన వంగి, పొట్టి పిడి ఉన్న పారతో ఇంకో గుంత తవ్వుతున్నాడు. మా డ్రైవరు కారు నిదానం చేసి "సన్ను దా అయికీ" అని కేకేశాడు. ఇక్కడి హౌసా భాషలో పని చేసుకునేవాణ్ణి పలకరించడానికే ఒక ప్రత్యేకమైన దండం ఉందిరా, అది ఇదే. మన ఊళ్లో కూడా చూస్తూ చూస్తూనే "ఏమప్పా, గుంత తవ్వుతుండావా?" అని అడుగుతాం కదా, అలాంటిదే అనుకో, కాస్త మర్యాద ఎక్కువ.

కారు దిగాం. హౌసాలో కూడా తండ్రిని "బాబా" అనే అంటారు కాబట్టి నేనూ బాబా అనే పిలిచాను. డ్రైవరు మధ్యలో ఉండి మాట మార్చి చెప్పాడు. ఈ గుంతను వాళ్లు "తస్సా" అంటారు. పక్క దేశం బుర్కినా ఫాసోలో, యాతెంగా ప్రాంతంలో, మోసీ జనం "జాయ్" అంటారు. జానెడు వెడల్పు, రెండు బెత్తెల లోతు. గుంతకూ గుంతకూ మధ్య రెండు మూరల ఎడం. ఒక వరస గుంతల ఎదురుగా పక్క వరసలో ఖాళీ వచ్చేట్టు తవ్వుతారు, నీళ్లు వాలు వెంట జారిపోకుండా. తవ్విన మట్టి పల్లం వైపు గట్టులా వేస్తారు. గుంతలో దోసెడు దిబ్బెరువు వేసి వదిలేస్తారు. వాన పడగానే అందులోనే సజ్జ గానీ జొన్న గానీ నాలుగు గింజలు.

ఇంతేనా అనుకుంటున్నావు కదూ? నేనూ అనుకున్నా. మనకు గుంతలు తెలియవా, ఉపాధి పనిలో తవ్వలేదా. కానీ ఇక్కడ అసలు పని మొదలయ్యేది మనిషి చేతులు కడుక్కున్న తర్వాత. ఎండాకాలంలోనే ఎరువు వేసి పెడతారు కదా, దాని వాసనకు చెదలు వస్తాయి. అవును, చెదలే. వేరుశనగలో అవి చేరితే మనం మందు డబ్బా కోసం పరిగెత్తుతాం. ఇక్కడ వాటి కోసం ఎదురు చూస్తారు. ఎరువును తింటూ అవి నేలలోకి సన్నటి సొరంగాలు తవ్వుతాయి. పారకు లొంగని నేల వాటికి లొంగుతుంది. తొలి వాన పడితే చుట్టూ ఉన్న గట్టి నేల మీద నుంచి నీళ్లన్నీ ఆ గుంతలోకే జారి, ఆ సొరంగాల గుండా లోపలికి దిగుతాయి. తర్వాత పదిహేను రోజులు వాన ముఖం చాటేసినా మొలక బతుకుతుంది. కూలి అడగని కూలీలురా అవి.

ఇది తాతలనాటి విద్య అని రాసి, చేతులు జోడించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. సంగతి అది కాదు. గుంత పాతదే. కానీ ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్న గుంత పాతది కాదు. యాతెంగాలో ఔహిగూయా టౌను పక్కన గూర్గా అనే పల్లెలో యాకూబా సవాడోగో అనే రైతు ఉండేవాడు. సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్‌ను 1970ల మొదట్లో ఒక కరువు, 1980ల మధ్యలో ఇంకో కరువు ఎండగట్టాయి. ఊళ్లకు ఊళ్లే పెట్టేబేడా సర్దుకుని కోస్తా దేశాలకు వలసపోయిన కాలం. బజారులో చిన్న వ్యాపారం చేసుకునే ఈయన మాత్రం అందరూ వదిలేసిన పొలానికి తిరిగొచ్చాడు. చచ్చిపోయి తెల్లబడిన నేలను వాళ్ల భాషలో "జిపెల్లే" అంటారు. అలాంటి నేలలోనే మొదలుపెట్టాడు. పాత గుంత చిన్నది, ఆయన పెద్దది చేశాడు. అందులో ఎరువు, ఆకూ అలమూ వేశాడు. వాన పడేదాకా ఆగకుండా నిండు ఎండాకాలంలో తవ్వాడు. ఊరివాళ్లు పిచ్చోడన్నారు. పెద్దలు ఎప్పుడు తవ్వారో అప్పుడే తవ్వాలని వాళ్ల పట్టు. అంటే చూడు, సంప్రదాయం పేరు చెప్పి ఆయన్ను ఆపబోయినవాళ్లూ ఆ ఊరివాళ్లే, సంప్రదాయాన్ని విరిచి బతికించినవాడూ ఆ ఊరివాడే.

ఎరువులో ఉన్న విత్తనాలు పైరుతో పాటు చెట్లుగా మొలిచాయి. వాటినీ పీకకుండా పెంచాడు. అది 20 హెక్టార్లు దాటిన అడవి అయింది. ఒకసారి ఎవరో నిప్పు పెట్టారు, మళ్లీ పెంచాడు. ఏడాదికి రెండుసార్లు తన పొలంలో సంత పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల రైతులను పిలిచి, విత్తనాలు మార్చుకోమని, గుంత తవ్వడం చూసి పొమ్మని చెప్పేవాడు. 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. 2020లో ఐక్యరాజ్యసమితి వాళ్లు సత్కరించారు. ఇంతలో ఔహిగూయా టౌను పెరిగి పెరిగి ఆయన అడవిలోకే ఇళ్ల ప్లాట్లు వచ్చాయి. ప్రపంచం శాలువా కప్పుతుంటే కాళ్ల కింద సర్వేరాళ్లు పాతారన్నమాట. మన దగ్గర రింగు రోడ్డు పక్కన పొలం ఉన్నవాడికి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పోయాడాయన.

ఇల్లేలాకు ఈ గుంత ఎలా వచ్చిందో కూడా విను. తస్సా అనే మాట వాళ్లకు ముందు నుంచే ఉంది, చెయ్యడమే మర్చిపోయారు. 1989లో ఒక ప్రాజెక్టు వాళ్లు ఇక్కడి నుంచి 13 మంది రైతులను యాతెంగా తీసుకెళ్లి చూపించారు. వచ్చి కొందరు తమ పొలాల్లో తవ్వారు. మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. గుంతలు తవ్వినవాళ్ల చేలల్లోనే నాలుగు కంకులు కనిపించాయి. ఇంక మీటింగులు ఎవడికి కావాలి? కొన్నేళ్లకు ఆ బీడు నేలలనే జనం డబ్బిచ్చి కొనుక్కోవడం మొదలుపెట్టారు. గుంతలు తవ్వే కూలీలకు గిరాకీ వచ్చింది. సైంటిస్టు చెబితే రైతు వినడంటారు గానీ, రైతు పొలం గట్టు మీద నిలబడి ఇంకో రైతు చూస్తే చాలు.

సరే, ఇప్పుడు నీకు పనికొచ్చే మాట, అంటే కష్టం మాట. ఎకరాకు 4,000 నుంచి 5,000 గుంతలు. ఒక్క మనిషి రోజుకు ఎనిమిది గంటలు తవ్వితే పదిహేను రోజులు. ఎండలో ఎనిమిది గంటలు ఎవడూ తవ్వలేడు కాబట్టి నెల అనుకో. గుంతకు పావుకిలో ఎరువు అన్నా ఎకరాకు టన్ను పైనే కావాలి. గొడ్లు అమ్మేసుకున్నవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మగపిల్లలు బంగారం గనులకో ఐవరీ కోస్టుకో వెళ్లిపోయిన ఇళ్లలో ఎవరు తవ్వుతారు? బాబా ఒక్కడే తవ్వుతుంటే నేను చూసింది అందుకే. స్థానిక విజ్ఞానం చౌక అని నివేదికలు రాసేవాళ్లు ఆ నడుము నొప్పిని ఏ పద్దులో రాస్తారో నాకు అర్థం కాదు. ఇంకో సంగతి, ఇసుక నేలలో ఈ గుంత నిలవదు, కూలిపోతుంది. నీ రోడ్డు వైపు ఎకరం ఇసుక పర్ర కదా, దాని జోలికి పోవద్దు. గుట్ట కింద గట్టిపడిన ఎర్రనేల ఉందే, మీ నాయన మేకలు తోలే చోటు, నేను చెప్పేది దాని గురించి.

చెట్ల ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడ గావో అనే చెట్టు ఉంది, మన తుమ్మకు దూరపు చుట్టం. దీనికి అంతా తిరకాసే. లోకంలో చెట్లన్నీ వానకు చిగిర్చి ఎండకు రాలిస్తే, ఇది వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో పచ్చగా నిలబడుతుంది. అంటే పైరు ఉన్నప్పుడు నీడ అడ్డం రాదు, రాలిన ఆకు ఎరువు. పైరు లేనప్పుడు గొడ్లకు నీడ, మేకలకు కాయలు. దీన్ని నరికినవాడి తల నరికిస్తానన్నాడట వెనకటికి ఇక్కడి జిందేర్ సుల్తాను ఒకాయన. తర్వాత తెల్లదొరలొచ్చి చెట్టు సర్కారుదన్నారు. తన పొలంలో చెట్టు తనది కానప్పుడు రైతు ఏం చేస్తాడు, మొలకగా ఉన్నప్పుడే పీకేస్తాడు. నేల బోడిగుండు అయింది.

1983లో ఇక్కడి మారాది పట్టణం దగ్గర పనిచేసే టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన, తెచ్చి నాటిన మొక్కలన్నీ చచ్చిపోతుంటే విసిగిపోయి, ఒకరోజు దారిలో ఆగి ఒక పొదను తేరిపార చూశాడు. అది పొద కాదు, నరికేసిన చెట్టు మోడు నుంచి వచ్చిన చిగురు. నేల కింద వేళ్లన్నీ బతికే ఉన్నాయి. నాటడం మానేసి, మోడుకు మూడు నాలుగు కొమ్మలు ఉంచి మిగతావి కత్తిరించమని రైతులకు చెప్పాడు. పూర్వం నుంచి కొందరు రైతులు చేస్తున్నదే అది. విచిత్రం ఏమిటంటే హౌసా రైతులు దీన్ని "సస్సబిన్ జమానీ" అంటారు, కొత్త కాలపు పొలం చదును అని. పాతదానికి వాళ్లు పెట్టుకున్న పేరు అది! చెట్టు మీద రైతుకు హక్కు మెల్లగా వచ్చాక దక్షిణ నైజర్లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో ఇలా చెట్లు లేచాయి. ఒక్క మొక్క కూడా నర్సరీలో కొన్నది కాదు.

వానను ముందే పసిగట్టే విద్యలు కూడా ఇక్కడ బోలెడు. చలికాలంలో చలి ఎంత గట్టిగా ఉంది, ఫలానా చెట్టు ఎన్ని కాయలు కాసింది, పిట్టలు ఎక్కడ గూడు కట్టాయి, అన్నీ లెక్కే. మీ నాయన కార్తెలు చెప్పినట్టే. కెన్యాలో విహిగా వైపు న్గాన్యీ అనే వంశం వాళ్లు వానకు పెట్టింది పేరట. అక్కడి వాతావరణ శాఖ వాళ్లు వాళ్లను వెక్కిరించడం మాని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరి అంచనాలూ కలిపి రైతులకు చెప్పారు. మంచిదే. కానీ నా మట్టుకు నాకు అనుమానం ఉందిరా. పిట్టా చెట్టూ కూడా కంగారు పడుతున్న కాలం ఇది. మృగశిరలో వాన రాకపోతే మీ నాయన పంచాంగాన్ని తిడతాడు, నువ్వు టీవీ వాణ్ణి తిడతావు. గుంత సంగతి అలా కాదు, వాన ఎప్పుడొస్తుందో దానికి తెలియక్కర్లేదు. వస్తే పట్టుకుంటుంది.

బాబాకు నేను ఇండియా వాణ్ణని డ్రైవరు చెబితే సినిమాల గురించి అడిగాడు, వాళ్లకు మన హిందీ సినిమాలంటే ప్రాణం. మా ఊళ్లో కూడా సజ్జ వేస్తామని చెప్పించాను. నమ్మలేదు. నిజానికి సజ్జ పుట్టిల్లు ఈ సాహెలే, జొన్న కూడా ఆఫ్రికా ఆడపడుచే. వేల ఏళ్ల కింద మన గడ్డకు కాపురానికొచ్చాయి. మన పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌కు ఇక్కడ నియామే దగ్గర సదోరేలో ఒక కేంద్రం ఉండటానికి కారణం కూడా ఆ చుట్టరికమే. మనం సజ్జ వదిలేసి వేరుశనగ పట్టుకున్నాం, వేరుశనగకు బోరు, బోరుకు అప్పు. నీకు తెలియనిది కాదు.

మొత్తం పొలం తవ్వమని నేను చెప్పట్లేదు. గుట్ట కింద పది సెంట్లు తీసుకో. 400, 500 గుంతలు, అంతే. మీ మేకల దొడ్డి ఎరువు సరిపోతుంది. మే నెల లోపు తవ్వి, ఎరువు వేసి, వదిలెయ్. చెదలు పట్టాయని మందు కొట్టావో, వచ్చి తంతాను. సజ్జ వెయ్యి, పక్కన మామూలుగా దున్నిన పది సెంట్లలోనూ అదే రోజు అదే విత్తనం వెయ్యి. అప్పుడు తేడా ఉందో లేదో మనకే తెలుస్తుంది. మన వాన వాళ్ల కంటే ఎక్కువ కాబట్టి గుంతలో నీళ్లు నిలిచి పైరు కుళ్లితే, అది కూడా రాయి, దాచకు.

చెల్లెలు బీఈడీ పరీక్ష ఎలా రాసింది? మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాకు ఇక్కడ ఉలవలు దొరకట్లేదు, దసరాకు ఎవరైనా వస్తుంటే రెండు కిలోలు పంపు, చింతపండు కూడా.

మీ నాయన పాత గడ్డపార ఇంకా ఉందా, లేక పాత సామాన్లవాడికి వేసేశారా? ఉంటే దాని మొన సాన పట్టించు.

నీ
రాజా