చీనీ చెట్టుకు తడి

అనంతపురం,
మాఘ బహుళ పంచమి

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నమ్మికి నాన్న ఆశీస్సులు.

సంక్రాంతి తరువాత నీ నుంచి ఫోను లేదు. పని ఎక్కువై ఉంటుందని మీ అమ్మకు నేనే చెబుతున్నాను. ఓబులమ్మత్త మనవడు పంపిన ఫోటోలో మీ పెరటి చీనీ (బత్తాయి) చెట్టు ఆకులు ముడుచుకుని, కొనలు మాడి కనిపించాయి కనుక ఈ ఉత్తరం ఆ చెట్టు గురించే.

మన కరువు జిల్లాలోనే ఏడాదికి 500 మిల్లీమీటర్లు దాటే వాన, అమెరికా ఎడారిలోని మీ ఫీనిక్స్‌లో సగటున 200 కూడా ఉండదు. చలికాలంలో రెండు మూడు వారాలకు ఒక తడి వచ్చేలా పెట్టిన టైమరును మార్చిలోనూ అలాగే వదిలేస్తే చీనీ ఓర్వదు. వారం పది రోజులకు ఒక తడి అందాలి. అయితే మార్చవలసింది రోజుల ఎడమే గాని తడి లోతు కాదు. చెట్టుకు మూడడుగులు, పొదలకు రెండడుగులు, చిన్న మొక్కలకు అడుగు మేర నేల నానాలి. మరునాడు ఇనుప కడ్డీ గుచ్చి చూడు: తడి ఉన్నంతవరకు సులువుగా దిగి, పొడిమట్టి తగలగానే ఆగుతుంది.

అల్లుడుగారి ఉద్యోగం గురించి పెళ్లిలో ఎవరో ఏదో అన్నారు, నేను పట్టించుకోలేదు.

పాత తోటలో బోరు సన్నగిల్లిన ఏడు నేను తెలివిగా పొదుపు చేస్తున్నాననుకుని రోజూ చెట్టుకు రెండేసి బిందెలు మొదలు దగ్గరే పోయించాను. "నాలుక తడిపితే దప్పిక తీరుతుందా?" అని జేజి అడిగితే విసుక్కున్నాను. నీరు లోపలికి దిగక పైమట్టిలో ఉప్పు తెల్లగా పేరుకుంది, వేళ్లు పైపైనే ఉండిపోయాయి, ఉగాది దాటగానే 11 చెట్లు ఆకు రాల్చాయి. మొదళ్లు నిత్యం తడిగా ఉండటంతో నాలుగింటికి బెరడు కుళ్లి బంక కారింది. జేజి మళ్లీ ఆ మాట ఎత్తలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అందుచేత డ్రిప్పు గొట్టాన్ని మొదలుకు దూరంగా, కొమ్మల నీడ అంచుకు జరుపు. ఫిల్టరు కడుగు. నీళ్లు తెల్లవారుజామునే వదులు.

నీళ్ల బిల్లుకు వెరచి టైమరు ఆపి ఉంటే గడ్డికి ఆపు, చెట్టుకు ఆపవద్దు. బిల్లు సంగతి నాతో చెప్పడానికి మొహమాటమెందుకు?

చెనక్కాయల పొడి పంపాను, గాలి తగలని డబ్బాలో పెట్టు. కడ్డీ ఎంత లోతు దిగిందో కొలిచి ఫోనులో చెప్పు. మాకు అర్ధరాత్రయినా ఫరవాలేదు, మీ అమ్మ ఎలాగూ మేలుకునే ఉంటోంది.

ఇట్లు,
మీ నాన్న