డేగ మీద ఎందుకీ కక్ష?

సంపాదకుడికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా కాలనీ పార్కు గురించి 'గద్ద బీభత్సం' అని వార్త వేశారు. తెలిసినవాళ్లెవరైనా సరిచేస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయలేదు.

ముందుగా, అక్కడున్నది గద్ద కాదు, జాలెడేగ. పావురమంత పిట్ట, వీపు బూడిద రంగు. మీరు వేసిన ఫొటోలో చీలిన తోక కనిపిస్తూనే ఉంది. అది చెత్తకుప్పల మీద తిరిగే గద్ద. ఎక్కడి ఫొటోనో ఏమో!

ఇక అది చిన్న పిట్టలన్నిటినీ తినేసిందట. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లను అడగాల్సింది. డేగ వేపచెట్టు మీద వాలగానే పిగిలిపిట్టలు, గోరింకలు ఒకటే గోల. ఉడతలు తోకలు ఊపుతూ అరుస్తాయి. నల్లటి పిట్ట పసులపోలిగాడైతే ఏకంగా దాని నెత్తిమీదికే దూకుతాడు. ఇంత అల్లరిలో దానికి దొరికేది ఎక్కువగా ఏ తొండో, మిడతో. ఎప్పుడైనా ఓ పిచ్చుక దొరికితే తింటుంది. డేగ కదా మరి, పెసరట్టు తినమంటే తింటుందా?

పిట్టలు తగ్గిన మాట నిజమే. మందార పొదలు నరికి టైల్స్ పరిచింది డేగ కాదు. పచ్చిక మీద పురుగుమందు కొట్టించింది డేగ కాదు. కోనోకార్పస్ మొక్కలు నాటించి, అవి పనికిరావని మళ్లీ కొట్టించి, రెండింటికీ బిల్లులు పెట్టుకున్నదీ డేగ కాదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించిన నైలాన్ మాంజా సంక్రాంతి వెళ్లి ఇన్నాళ్లయినా మా కరెంటు తీగలకు వేలాడుతూనే ఉంది. దానికి చిక్కి చచ్చిన పిట్టల గురించి ఒక్క వార్తా రాలేదు.

కుళాయి కారుతోందని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా తొంగిచూడని సిబ్బంది, వార్త పడిన మర్నాడే టపాసులు పట్టుకుని దిగారు. డేగను బెదరగొట్టడానికట! వీధిలైట్లు వెలగవు, కుక్కల బెడద తీరదు, దీనికి మాత్రం ఎక్కడలేని హుషారు. ఆ మోతకు పిచ్చుకలు కూడా పారిపోతాయని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జాలెడేగ మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, ఉంది. అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించినా ఆ చట్టం ప్రకారం వేట కిందే లెక్క. ఆ వేపచెట్టు మీద ఇప్పుడు గూడు ఉంది. రేపు నిచ్చెన వేసి దాన్ని దించేస్తామని కాలనీ పెద్దలు అంటున్నారు. అటవీశాఖ వాళ్లు ఈలోపే వచ్చి ఆపాలి. మీ విలేకరి కూడా వస్తే మంచిది, ఈసారి కెమెరాతో.

– ఒక పాఠకుడు, హైదరాబాద్