కైలాసగిరి రాయికి ఒకటే వయసా?

సంపాదకులు గారికి,

విశాఖ కొండల వయసు రాసేటప్పుడు ఒకే అంకె వేసి ఊరుకోవడం మామూలైపోయింది. ఏ ఖనిజంలో, ఏ భాగంలో కొలిచారో చెప్పకపోతే ఆ అంకెతో పని లేదు.

కైలాసగిరి ఖోండలైట్ ఒకప్పుడు బురద, ఇసుక. భూగర్భపు వేడికీ ఒత్తిడికీ గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న రాయిగా మారింది. అందులోని జిర్కాన్ (కొద్దిగా యురేనియం ఉండే గట్టి ఖనిజం) గింజ మాత్రం పాత నడిభాగాన్ని దాచుకుని, పైన కొత్త పొర కట్టుకుంటుంది. నడిభాగం వయసు ఆ ఇసుక ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో పట్టిస్తుంది; రాయి ఎప్పుడు కాగిందో చెప్పేది పై పొర. అందుకే గింజల్ని రెసిన్‌లో బిగించి, సగానికి అరగదీసి, కేథోడోల్యూమినిసెన్స్ చిత్రం (ఎలక్ట్రాన్లు తగిలి గింజ వెలిగినప్పుడు లోపలి పొరలు కనిపించే చిత్రం) తీశాకే వయసు కొలిచే లేజర్ పెట్టాలి. లేజర్ గుంట సాధారణంగా 20–30 మైక్రాన్లు. అది రెండు భాగాల మీదా పడిందా, ఎప్పుడూ జరగని సంఘటనకు తేదీ వస్తుంది! యురేనియం మెల్లగా సీసంగా మారే వేగాన్ని బట్టే వయసు లెక్కిస్తారు; యురేనియం-238 (అర్ధాయువు 446.8 కోట్ల ఏళ్లు), యురేనియం-235 (70.4 కోట్లు) గడియారాలు రెండూ ఒకే వయసు చూపకపోతే సీసం జారిపోయిందేమో చూడాలి.

తూర్పు కనుమల మధ్యభాగంలో జిర్కాన్ పై పొరల వయసు ఎక్కువగా 100–90 కోట్ల ఏళ్లు. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ శిలలు కాగిందీ అప్పుడే. ఒంగోలు వైపు మాత్రం దాదాపు 160 కోట్లు. కనుమలన్నిటికీ ఒకే కథ అంటగట్టడం పొరపాటు. పైగా వయసు కలిసినంత మాత్రాన రెండు చోట్ల శిలలకు చుట్టరికం (ఒకప్పుడు కలిసి ఉండేవనడం) కుదరదు, ఉష్ణోగ్రత-పీడనాల చరిత్ర కూడా కలవాలి.

ఇకపై వార్తలో ‘జిర్కాన్ పై పొర వయసు’ అన్న మాటా, దాని ± అంకే (కొలతలో హెచ్చుతగ్గుల హద్దు) చేర్చగలరు.

– భూవిజ్ఞాన అధ్యాపకులు, విశాఖపట్నం