కమ్యూనిటీ కళాశాలల విద్యార్థి నాయకులకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన పిల్లల విజయాలను పత్రికలు తరచుగా ప్రచురిస్తున్నా, రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలల్లో చదివేవారి ప్రస్తావన వాటిలో అరుదుగా కనిపించడం నన్ను బాధిస్తోంది. విశ్వవిద్యాలయాల ఖర్చు భరించలేకనో, ఉద్యోగం చేస్తూ చదవవలసి వచ్చో ఈ కళాశాలల్లో చేరిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

1918లో మిస్సోరీ రాష్ట్రంలో ఆరంభమైన ఫై థీటా కాపా, ఇటువంటి కళాశాలల్లోని ప్రతిభావంతులను గౌరవించే సంఘం. సాధారణంగా 12 క్రెడిట్ల (కోర్సుల పరిమాణాన్ని లెక్కించే యూనిట్లు) చదువు పూర్తిచేసి, గ్రేడుల్లో 4కు 3.5 సగటు సాధించినవారిని అందులోకి ఆహ్వానిస్తారు. అయితే మార్కులను మెచ్చుకోవడంతో ఆ సంఘం ఆగదు. పాండిత్యం, నాయకత్వం, సేవ, సౌహార్దం అనే నాలుగు ఆదర్శాలను ముందుంచి, కళాశాలల్లోని తన శాఖల విద్యార్థి నాయకులు ఒక అంశాన్ని లోతుగా పరిశోధించి, తేలిన విషయాల ఆధారంగా తమ ఊరికి పనికివచ్చే కార్యక్రమం చేపట్టేలా, కళాశాల యాజమాన్యంతో కూర్చుని అక్కడి అవసరమొకటి గుర్తించి దానిపై పనిచేసేలా ప్రోత్సహిస్తుంది. ఉద్యోగం, చదువు రెండూ నెట్టుకొస్తూనే ఈ బాధ్యతను మోసే విద్యార్థి, ఉపకారవేతనంతో నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి బదిలీ కావాలని ఆశిస్తూ, తోటివారు చదువు మధ్యలో మానకుండా చూడాలని కూడా తపిస్తాడు. ర్యాంకుల కన్నా ఇది తక్కువ ఘనతేమీ కాదని నా దృఢమైన అభిప్రాయం.

సభ్యత్వ రుసుము కొందరికి భారమే. అర్హులైన పేద విద్యార్థుల తరఫున దానిని అక్కడి తెలుగు సంఘాలు చెల్లించాలని, ఆ శాఖల్లో పనిచేస్తున్న మన విద్యార్థుల లక్ష్యాలను వారి మాటల్లోనే మీ ప్రవాస పుటలో ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, డాలస్