వేలం బండిని ముందే చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. కిందటేడు శ్రీకాకుళంలో జరిగిన వేలంపాటలో, అప్పు కట్టలేదని జప్తు చేసిన కారొకటి పాడుకున్నాను. రెండేళ్ల జీడిపిక్కల డబ్బు అది. పాటకు ముందు తాళం ఇమ్మంటే ఇవ్వలేదు. 'ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టు' అని కాగితంలో రాశాం కదా అన్నారు. పైన పెయింటు మెరుస్తోంది. ఇంటికి తెచ్చాక సీటు బెల్టు చివరిదాకా లాగితే మూరెడు మేర ఎండిన బురద చార. కాళ్లకింది పట్టా లేపితే తుప్పు. నీట మునిగిన బండి!

పేరు మార్పిడికి మళ్లీ తిప్పలు. వేలంలో కొన్న బండికి, అది చేతికొచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32 పెట్టాలి. ఆంధ్రా నంబరు కనుక అక్కడి ఆర్టీవో దగ్గర నిరభ్యంతర పత్రం కూడా తెచ్చుకోవాలి. పాట పెట్టినవాళ్లు ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. పాతపట్నం మీదుగా మూడుసార్లు బస్సెక్కి తిరిగాను.

ధరావతు కట్టినవారిని ఇంజను స్టార్టు చేసి చూడనివ్వాలి. బండి పాత బీమా క్లెయిముల వివరాలు పాటకు ముందే చేతికివ్వాలి. ఈ రెండూ తప్పనిసరి చేయమని రవాణా శాఖను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి